ఏడు ఎలుకల గుండెలు

ఆదివారం, మధ్యాహ్నం రెండున్నర
గుండె వార్డు, మూడో అంతస్తు, కిటికీ పక్క బెంచీ

గౌరవనీయులైన డైరెక్టర్ గారికి,

మీ ప్రయోగశాలలో సీసాలు కడిగే మనిషి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం, అక్కడ మీరందరూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం పద్ధతి. ఇక్కడ క్షేమం లేదు. అక్కడ మీ క్షేమం ఎలా ఉందో నాకు అక్కర్లేదు. పద్ధతి తప్పానని మీరు నలుగురిలో అనకుండా ఆ వాక్యం రాశాను, అంతే.

నిన్నటి నుంచి పదకొండుసార్లు ఫోన్ చేశాను. మీరు ఎత్తలేదు. అందుకని ఉత్తరం. ఎలుకల బోనుల గది చూసుకునే పెద్దాయన సైకిలు మీద తెచ్చి మీ చేతికే ఇస్తారు. ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడకండి, మోకాళ్ళ నొప్పులు.

మీరు అని రాస్తున్నందుకు ఆశ్చర్యం వేస్తోందా? పన్నెండేళ్ళ కిందట నేను మీ ల్యాబు మెట్లెక్కిన మొదటి రోజే కదా చెప్పారు, వదినా, ఇక్కడ మాత్రం నన్ను సార్ అనాలి, వరసలు పెట్టి పిలిస్తే స్టూడెంట్లు నవ్వుతారు అని. సరే అన్నాను. నేను కాపురానికి వచ్చేనాటికి చొక్కా గుండీలు ఒక రంధ్రం తప్పించి పెట్టుకుని తిరిగే మరిదిని సార్ అని పిలవడం నాకూ సరదాగానే ఉండేది. ఆ సరదా తీరిపోయింది.

గురువారం సంగతి మీకు తెలుసు, అయినా రాస్తాను. మీరు వచ్చేసరికి మీ అన్నయ్యని శుభ్రంగా పడుకోబెట్టి దుప్పటి కప్పేసి ఉంచారు కాబట్టి మీకు సగమే తెలుసు. మీ అన్నయ్య కొట్లో బల్ల మీద గుడ్డ పరిచి కత్తిరిస్తున్నారు. కోటు కొలతలివ్వడానికి వచ్చిన టీచరుగారు ఎదురుగా నిలబడి ఉన్నారు. ఈయన కత్తెర పక్కన పెట్టి, టీచరుగారూ, ఒక్క నిమిషం, అని మర్యాదగా చెప్పి కూర్చోబోయారు. అక్కడ కుర్చీ లేదు. మూడేళ్ళ కిందట వచ్చిన మొదటి గుండెపోటు చిన్నది. ఇది చిన్నది కాదు. డాక్టరమ్మ గంటన్నరలో మూసుకుపోయిన రక్తనాళం తెరిచారు గాని, అప్పటికే గుండె ముందు గోడలో చాలా కండ చచ్చిపోయిందట.

శుక్రవారం మీరు తెల్లకోటులో వచ్చారు. ఇది మీ ఆసుపత్రి కాదు, ఇక్కడ మీకు కోటు అక్కర్లేదు, అయినా వేసుకొచ్చారు. మంచం పక్కన కూర్చుని, అన్నయ్యా, నా మందు మనుషులకి ఇచ్చే మొదటి రోజు సోమవారం, మొదటి పేరు నీదే రాయించాను అన్నారు. ఆయనకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పక్కన గుండె చప్పుళ్ళు లెక్కపెట్టే మిషను కీచుమని మొత్తుకుంటే నర్సు పరిగెత్తుకొచ్చి, ఈయనకి సంతోషం కలిగించకండి అని మిమ్మల్ని కసిరింది. మీరు వెళ్ళాక కూడా ఆయన ఊరుకోలేదు. పక్క మంచం లారీ డ్రైవరుకి, మా తమ్ముడు చేసిన మందు, మా తమ్ముడు చేసిన మందు అని సాయంత్రం దాకా చెబుతూనే ఉన్నారు. ఆ డ్రైవరు చివరికి విసిగిపోయి, అన్నా, ఆ మందేదో నాకూ కాస్త ఇప్పించు, నీ నోరు మూయించడానికైనా పనికొస్తుంది అన్నాడు.

మందుకి ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద ఆయన సంతకం పెట్టారు. సాక్షిగా నేను పెట్టాను. రేపు ఉదయం తొమ్మిదింటికి ఇంజెక్షన్.

ఇక నా వల్ల కాదు. తిట్టాలంటే ఈ మీరూ గారూ కాళ్ళకి అడ్డం పడుతున్నాయి. నువ్వు అనే రాస్తాను. కోపం వస్తే తెచ్చుకో.

నీ మందు ఏం చేస్తుందో నాకు నేర్పింది నువ్వే. నేను పదో తరగతి దాటలేదు, అయినా నువ్వు చెప్పిన తీరుకి ఇవాళ నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. గుండె కండలో కణాలు చచ్చేటప్పుడు ఊరికే చావవు, సంకేతాలు వదిలి చస్తాయి. అవి రక్తంలో కలిసి ఎముకల లోపలి మూలుగ దాకా వెళ్తాయి. అక్కడున్న తెల్లకణాలకి ఒంటి మీద చెవుల్లాంటివి ఉంటాయి. సంకేతం వచ్చి ఆ చెవిలో అమరితే, కణం లోపల ఒకదాన్నొకటి తట్టి లేపుకుంటూ కబురు నడిబొడ్డు దాకా పోతుంది, అప్పుడా కణం బయల్దేరుతుంది. అలా వచ్చిన మంద చచ్చిన కండని తినేస్తుంది. ఆ తర్వాత ఇంకో సంకేతం అందాలి, తిన్నది చాలు, ఇక మరమ్మతు చూడండి అని. అది సరిగ్గా అందకపోతే బతికున్న కండ జోలికి కూడా పోతాయి, గుండె సాగి వదులైపోతుంది. అందుకని నువ్వు మొదటి చెవినే మూసేసే మందు చేశావు. పిలుపు వినపడకపోతే మంద రాదు, మంద రాకపోతే నష్టం జరగదు.

నేను అప్పుడే అడిగాను, మరి చచ్చిన కండని ఎవరు తీస్తారు అని. నువ్వు నవ్వావు. చొక్కాలకి కాజాలు కుట్టే మనిషికి భలే డౌట్లొస్తాయే అని పక్కనున్న వాళ్ళతో అన్నావు. చివికిపోయిన గుడ్డని కత్తిరించి పారేయకుండా దాని మీదే మాసిక వేస్తే మొదటి ఉతుకులోనే చిరుగుతుందని కాజాలు కుట్టే మనిషికి తెలుసు నాయనా. అంత చదువు చదివిన వాడికి ఎందుకు తెలియలేదో నాకు తెలియదు.

ఇప్పుడు నా చేతుల సంగతి. నీ స్టూడెంట్లు మూడు నెలలు తంటాలు పడి ఒక్క ఎలుక గుండెకీ దారం కట్టలేకపోతే, నువ్వు మా కొట్టుకి వచ్చి, వదినా, నీ చేతులు నాకు అప్పివ్వు అన్నావు. మైక్రోస్కోపు కింద ఎలుకని పడుకోబెట్టి, గొంతులో గొట్టం పెట్టి, పక్కటెముకల మధ్య సందు చేసుకుని చూస్తే, బఠాణీ గింజంత గుండె సెకనుకి పదిసార్లు కొట్టుకుంటూ ఉంటుంది. కంటికి ఆనని రక్తనాళం కింద నుంచి వెంట్రుక కన్నా సన్నటి దారం తీసి ముడి వెయ్యాలి. ముడి సరిగ్గా పడితే కింద గోడ తెల్లబడుతుంది. ఎక్కువ లాగితే తెగుతుంది, తక్కువ లాగితే వృథా. మొదటి నెలలో ఎన్ని చంపానో నాకే తెలుసు. మూడో నెలకి ఎలుకకి ఎనిమిది నిమిషాలు. నీ స్టూడెంట్లు కాజాల మేడమ్ అని పేరు పెట్టారు. ఆ పేరంటే నాకు ఎంత గర్వమో మీ అన్నయ్యకి తప్ప ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ళ కిందటి ఆ పెద్ద ప్రయోగంలో నలభై ఎలుకలు. నలభైకీ నేనే దారం కట్టాను. ఇరవైకి నీ మందు, ఇరవైకి ఉత్తి ఉప్పునీళ్ళు. ఏది ఏ వైపుదో పని చేసేవాళ్ళెవరికీ తెలియకూడదని ఆ జాబితా కవర్లో పెట్టి నీ బీరువాలో తాళం వేశావు. మాకు నంబర్లే. ల్యాబులో ఒక నియమం ఉంది: ఆపరేషన్ అయిన మొదటి రోజులోపు చచ్చిన ఎలుక చేతి తప్పు వల్ల చచ్చినట్టు, దాన్ని లెక్కలోంచి తీసేయాలి. ఆ తర్వాత చచ్చినవన్నీ లెక్కలో ఉండాలి, ఎందుకంటే అవి జబ్బు వల్లో మందు వల్లో చచ్చినట్టు. మొదటి రోజు నాలుగు పోయాయి, అటు రెండు ఇటు రెండు. వాటితో నాకు పేచీ లేదు, ఆ నాలుగూ నావే.

నాలుగో రోజు నుంచి మూడు రోజులు వరసగా సెలవులు. తెరిచిన ఉదయం వెళ్ళేసరికి చల్లగదిలో ఏడు చచ్చిన ఎలుకలున్నాయి, ఒక్కోదానికీ కాలికి నంబరు కట్టి. రిజిస్టరులో ఏడింటికీ ఎదురుగా మొదటి రోజు, ఆపరేషన్ అని ఎక్కింది. గుండెలు జాడీల్లోకి వెళ్ళాయి, జాడీలు సింకు కింది అలమారలోకి వెళ్ళాయి. ఏడూ లెక్కలోంచి పోయాయి.

ఆ వారం మీటింగులో అందరి ముందూ నువ్వన్న మాట అక్షరం పొల్లు పోకుండా నాకు గుర్తుంది. వదిన గారి చెయ్యి ఈమధ్య వణుకుతోంది, వయసు కదా, ఇక ఆవిడకి గాజుసామాను అప్పజెబుదాం అన్నావు. ల్యాబులో వరసలు పెట్టకూడదన్న వాడివి ఆ ఒక్కరోజు వదిన అన్నావు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, నీ మందు ఓడిపోతే నా చేతుల మీదికి తోసేశావు. మర్నాటి నుంచి వణుకు మేడమ్‌నయ్యాను. రెండేళ్ళు సీసాలు కడిగాను. నా చేతులే ఏడు ప్రాణాలు తీశాయని రెండేళ్ళు నమ్మాను. ఇంట్లో సూదిలో దారం ఎక్కించడం కూడా మానేశాను. మీ అన్నయ్య కాజాలు బయటి మనిషితో కుట్టించుకున్నారు.

శుక్రవారం సంతకం పెట్టి ఇంటికి వెళ్ళానే గాని నాకు కూర్చోబుద్ధి కాలేదు. శనివారం ఉదయం నర్సుకి ఆయన్ని అప్పగించి ల్యాబుకి వెళ్ళాను. వారాంతం, ఎవరూ లేరు. సింకు అలమార తాళం నా దగ్గరే ఉంటుంది, సీసాలు కడిగే వాళ్ళకి దక్కే అధికారం అదొక్కటే. జాడీలు తీశాను. నా పాత మైక్రోస్కోపు మీది గుడ్డ దులిపి, ఒక్కొక్క గుండెనీ దాని కింద పెట్టాను.

ఏడింటిలోనూ దారం ఉండాల్సిన చోటే ఉంది. నా ముడి నాకు తెలియదా? ఒక్క ముడి జారలేదు. ఒక్క నాళం తెగలేదు. ముడికి ఎంతో కింద, చచ్చిన కండ మధ్యలో, గోడకి చిల్లు పడింది. చిల్లు చుట్టూ కండ నానిన అట్టలా మెత్తగా, ఎవరూ వచ్చి ఎత్తుకుపోనట్టు అలాగే పడి ఉంది. అంటే ఆ గుండెలు ఆపరేషన్ లో పోలేదు. నాలుగైదు రోజులు కొట్టుకుని కొట్టుకుని, అక్కడ చివికిన చోట పగిలిపోయాయి.

అప్పుడు బోనుల గదికి వెళ్ళాను. పెద్దాయన సెలవుల్లో కూడా మేత వెయ్యడానికి వస్తారు కదా. ప్రతి బోనుకీ ఉన్న కార్డు మీద ఉదయం ఎలుక బతికుంటే ఒక టిక్కు, పోతే ఒక అడ్డగీత. ఆ కార్డులు ఎవరూ అడగరు. అడిగారా పెద్దాయనా అంటే, పన్నెండేళ్ళలో నన్నెవరూ ఏమీ అడగలేదమ్మా, అయినా పారెయ్యబుద్ధి కాక రబ్బరుబ్యాండు వేసి పెట్టాను అన్నారు. ఏడు కార్డులూ దొరికాయి. మూడింటికి నాలుగు టిక్కులు, నాలుగింటికి ఐదు. ఆ తర్వాత అడ్డగీత. మొదటి రోజు పోయినవి ఒక్కటీ లేదు.

ఇక మిగిలింది ఏది ఏ వైపుదన్నది. నీ కవరులోని జాబితా కోసం నేను బీరువా బద్దలు కొట్టాల్సిన పని లేకపోయింది. నీ వ్యాసం అచ్చయిన రోజున ఆ కాగితాన్నే ఫ్రేము కట్టించి వరండాలో వేలాడదీశావు కదా, చరిత్రలో నిలిచిపోతుందని. దాని ముందు నిలబడి నంబర్లు సరిచూసుకున్నాను. ఏడింటిలో ఒక్కటి ఉప్పునీళ్ళది. ఆరు నీ మందువి.

ఆరు. మందు వైపు పద్ధెనిమిదిలో ఆరు పగిలిపోయాయి. మిగిలిన పన్నెండింటి గుండెలు కోసి, తెల్లకణాలు ఎంత తక్కువగా ఉన్నాయో, మచ్చ ఎంత చక్కగా కట్టిందో చూడండని లోకానికి చూపించావు. బతికినవాళ్ళని వరసగా నిలబెట్టి ఒంట్లో ఎలా ఉందని అడిగితే బాగుందనే అంటారు. చచ్చినవాళ్ళని అడగాలి. నీకు లెక్కలు రావా? కవరు విప్పిన రోజున ఇరవైలో పన్నెండు ఇటు, ఇరవైలో పదిహేడు అటు ఎందుకు మిగిలాయో నీకు అనుమానం రాలేదా? ఒకవేళ నా చెయ్యే వణికిందనుకో, వణికే చేతికి ఏ ఎలుక ఎవరిదో ఎలా తెలుస్తుంది? నీ మందు ఎక్కిన వాటినే ఏరి ఏరి చంపుతుందా? ఈ మాట ఒక్క స్టూడెంటు కూడా అడగలేదంటే, నీ ల్యాబులో నోళ్ళు ఎలా మూయించావో అర్థమవుతోంది. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అన్నది నిన్ను చూసే పుట్టి ఉంటుంది. ఇప్పుడు ఎలుకలు చాలక మీ అన్నయ్య దాకా వచ్చావు.

ఆయన గుండె గోడలో ఇవాళ చచ్చిన కండ ఉంది. దాన్ని తీసుకుపోవడానికి మంద బయల్దేరి వచ్చింది. ఈ నాలుగైదు రోజులే దాని పని. సరిగ్గా ఈ రోజుల్లోనే నువ్వు దాని చెవులు మూస్తానంటున్నావు.

నిన్న సాయంత్రమే డాక్టరమ్మ గదికి వెళ్ళి అంతా చెప్పాను. ఆవిడ మంచి మనిషి, మధ్యలో ఒక్కసారి కూడా గడియారం చూడలేదు. విని, అమ్మా, ఈ మందుకి అనుమతిచ్చిన కమిటీ ముందున్న రికార్డులో ఏడూ ఆపరేషన్ చావులనే ఉంది, చచ్చిన రోజు పెద్దాయన కార్డుల్లో ఒకలా, రిజిస్టరులో ఒకలా ఉంటే నేను రిజిస్టరునే నమ్మాలి, అది తప్పని రాసినవాళ్ళైనా చెప్పాలి, డైరెక్టరైనా చెప్పాలి అన్నారు. ఇంతకీ ఆ మాట రాసిందెవరు అని అడిగారు. ల్యాబు వాళ్ళే అన్నాను.

మీ అన్నయ్యకి కూడా చెప్పాను, ఈ మందు వద్దండీ అని. కారణం సగమే చెప్పాను, ఆ గుండెకి పూర్తిగా చెప్పే ధైర్యం లేక. ఆయన నా వైపు చూసి, నీకూ వాడికీ ఎప్పటి నుంచో పడదు, ఆ గొడవ తెచ్చి నా గుండె మీద పెట్టకు, మందు వద్దని వాడి మొహం మీద ఎలా చెప్పను అన్నారు. నీ మొహం చిన్నబోతుందని ఆయన భయం. నువ్వు చెబితే తప్ప వినరు. చిన్నప్పటి నుంచి అంతే. నువ్వు పరీక్ష తప్పినప్పుడు కూడా పేపర్ దిద్దినాయన్నే తిట్టారట.

కాబట్టి రేపు ఉదయం ఎనిమిదింటికల్లా ఇక్కడ ఉండాలి. కోటు లేకుండా రా. రిజిస్టరు పట్టుకుని డాక్టరమ్మ గదికి వెళ్ళి, ఇది తప్పు, ఆరు నా మందు వల్ల పోయాయి అని నీ నోటితో చెప్పాలి. తర్వాత మీ అన్నయ్య దగ్గరికి వచ్చి అదే మాట చెప్పాలి. తర్వాత నీ ల్యాబు ఏమైపోయినా, నీ పేరు ఏమైపోయినా, గోడ మీది ఫ్రేము ఏమైపోయినా నాకు సంబంధం లేదు. మీ అన్నయ్య తర్వాత ఇంకో ఇరవై ముగ్గురి పేర్లున్నాయట జాబితాలో. వాళ్ళకీ ఇళ్ళల్లో మనుషులుంటారు.

రాకపోతే మాత్రం, నువ్వు మరిదివని గాని, ఆయనకి మిగిలిన ఒక్క రక్తసంబంధానివని గాని చూడను. ఏడు జాడీలూ నా సంచిలో ఉన్నాయి.

ఇట్లు,
నీ చేత వణుకు మేడమ్ అనిపించుకున్న
మీ అన్నయ్య భార్య

తా.క. సాయంత్రం అయిదున్నర. కవరు అంటించాక మళ్ళీ చింపాను. పెద్దాయన సైకిలు పట్టుకుని కింద నిలబడి ఉన్నారు, ఉండమన్నాను.

పైన ఒక అబద్ధం ఉంది. కొట్టెయ్యను, అలాగే చదువు.

రిజిస్టరులో మొదటి రోజు, ఆపరేషన్ అని ఏడుసార్లు రాసింది నేను. నువ్వు రాయించలేదు, ఎవరూ రాయమనలేదు. సెలవుల తర్వాత ఆ ఉదయం నువ్వింకా రాకముందే మొదటి ఎలుకని కోసి చూశాను. ఛాతీ నిండా గడ్డకట్టిన రక్తం, ముడి ముడిలాగే ఉంది, కింద గోడకి చిల్లు. రెండోదీ అంతే. మూడోదాని నుంచి చూడకుండానే గుండె తీసి జాడీలో వేశాను. నా చెయ్యి వణకలేదని నాకు ఆ రోజే తెలుసు. రెండేళ్ళు నమ్మానన్నది అబద్ధం. నా చెయ్యి వణుకుతోందని నువ్వు మీటింగులో అన్నది నేను రాసింది చదివే.

ఎందుకు రాశానంటావా? అప్పటికి మీ అన్నయ్యకి మొదటి పోటు వచ్చి ఏడాది. రెండోది వస్తుందని, వస్తే ఆ గుండె తట్టుకోవడం కష్టమని అప్పటి డాక్టరు నాకొక్కదానికే చెప్పారు. నాకున్న దిక్కు నీ మందొక్కటే. తప్పు నా చేతిదైతే మందు మంచిదే అవుతుంది. మందుదే తప్పయితే ఆయనకి ఇంకేమీ లేదు. నా చెయ్యి పోతే పోయింది, మందు ఉండాలి అనుకున్నాను. ఏ ఎలుక ఏ వైపుదో నాకప్పుడు తెలియదు, నిజమే. తర్వాత తెలుసుకోగలిగేదాన్నే. రెండేళ్ళు రోజూ సీసాల బకెట్టు పట్టుకుని ఆ ఫ్రేము ముందు నుంచే నడిచాను, ఒక్కసారి కూడా తలెత్తలేదు.

ఇందాక డాక్టరమ్మకి ఇదంతా రాసి సంతకం పెట్టి ఇచ్చాను. జాడీలు, కార్డులు కూడా. రేపటి ఇంజెక్షన్ ఆపేశారు. మిగతా ఇరవై ముగ్గురివీ కమిటీ తేల్చేదాకా ఆగుతాయి. నువ్వు వచ్చినా రాకపోయినా ఇక ఆ పని జరిగిపోయింది. ఆరూ ఒకే వైపున ఉన్నాయని కవరు విప్పిన రోజు నీకు కనపడిందా లేదా అన్నది మాత్రం నేను రాసివ్వలేదు. అది నాకు తెలియదు కాబట్టి.

తర్వాత మీ అన్నయ్యకి మొత్తం చెప్పాను. గోడ వైపు తిరిగి పడుకున్నారు. చివరికి ఆయన ఒక్కటే అడిగారు, వాడికి తెలిసే నాకు ఇద్దామనుకున్నాడా అని.

తెలియదండీ, వాడు చూసుకోలేదు, తెలిస్తే మీకు ఇస్తాడా అన్నాను. నిన్ను ఇన్ని మాటలు తిడుతూ రాసిన చేత్తోనే ఆయన చెయ్యి పట్టుకుని అన్నాను. ఆయన మళ్ళీ అడుగుతారు, రేపో ఎల్లుండో. ఈసారి నేను చెప్పను. వచ్చి నువ్వే చెప్పు.